వైజాగ్‌లో రూట్ కెనాల్: ఏ పన్నుకి ఏ తలుపు తట్టాలి

ద్వారకానగర్ లైన్లలోనైనా, ఎంవీపీ డబుల్ రోడ్డు మీదైనా, గాజువాకలోనైనా దంతవైద్యశాలల బోర్డుల మీద అవే మాటలు కనిపిస్తాయి: నొప్పి లేని రూట్ కెనాల్, ఒకే సిట్టింగ్, లేజర్. ఈ మూడింట్లో ఏదీ పని బాగా జరిగిందనడానికి సాక్ష్యం కాదు. మత్తు సరిగ్గా ఎక్కితే ఎవరు చేసినా నొప్పి తెలీదు. ఒక సిట్టింగా రెండా అన్నది పన్ను పరిస్థితిని బట్టి తేలాలి. లేజర్ ఉన్నంత మాత్రాన ఫైళ్లతో (లోపల గీకే సన్నటి ఆకురాళ్లు) గీకడం, మందునీళ్లతో కడగడం తప్పవు. అందుకే ఇక్కడ క్లినిక్‌ల పేర్లు పెట్టి చుక్కలు వెయ్యడం లేదు. ఊళ్లో ఈ సేవ దొరికే మూడు రకాల చోట్లని, కుర్చీలో జరిగే పనిని బట్టి తూచి చెబుతున్నాం.

అసలు నరం చచ్చిందా?

డబ్బు గురించి మాట్లాడేముందు తేలాల్సింది ఇది. మనం నరం అనేది నిజానికి నరాలూ రక్తనాళాలూ కలిసిన మెత్తటి పదార్థం, పల్ప్. దాన్ని తీసేసి, అది ఉన్న వేరు కాలువని కడిగి, నింపి మూసేయడమే రూట్ కెనాల్. వేరు కొసన పల్ప్‌కి రక్తం వచ్చే దారి మిల్లీమీటరులో మూడో వంతు అటూ ఇటూ ఉంటుంది. పుచ్చు లోతుకి దిగి సూక్ష్మజీవులు చేరితే పల్ప్ వాస్తుంది. వాచడానికి చోటు లేదు, చుట్టూ గట్టి గోడలు. లోపల ఒత్తిడి పెరిగి రక్తం ఆడక కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది.

చల్లనీళ్లు తగిలినప్పుడు జివ్వుమని, తీసేయగానే క్షణాల్లో తగ్గిపోతే ఆ పల్ప్ ఇంకా కోలుకుంటుంది. పుచ్చు తీసి ఫిల్లింగ్ పెడితే సరిపోతుంది, రూట్ కెనాల్ అక్కర్లేదు. చల్లదనం పోయాక కూడా అర నిమిషం, ఆ పైన సలుపుతూనే ఉన్నా, ఏమీ తినకుండానే పోటు మొదలైనా, పడుకుంటే ఎక్కువై రాత్రి నిద్ర పట్టకపోయినా ఇక కోలుకోదని లెక్క. వేడి కాఫీకి పోటెక్కి, చల్లనీళ్లు పుక్కిటపడితే హాయిగా ఉండేది ఈ దశ చివర్లోనే.

ఆ తర్వాత ఒకరోజు నొప్పి ఠక్కున ఆగిపోతుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. మాత్రలు పని చేశాయి, లవంగ నూనె పని చేసింది అనుకుని ఊరుకుంటారు. నొప్పి చెప్పే నరమే చచ్చింది కనక మాట లేదు, అంతే. లోపల కుళ్లిన సరుకు వేరు కొస దాటి ఎముకలోకి దిగుతుంది. కొరికితే నొప్పి, పన్ను పైకి లేచినట్టు అనిపించడం, చిగురు మీద చిన్న చీముపొక్కు వరసగా వస్తాయి. పొక్కు చితికి చీము పోతున్నన్నాళ్లు నొప్పి ఉండదు. నెలల తరబడి అలా వదిలేసేవాళ్లు చాలామందే ఉంటారు.

మంచి చోట పరీక్ష ఇలా సాగుతుంది. డాక్టరు ముందు పక్కనున్న మంచి పన్నుని, లేదా అటువైపు జత పన్నుని పరీక్షించాలి, మీకు మామూలుగా ఎలా అనిపిస్తుందో తెలియడానికి. మైనస్ 26 డిగ్రీల చల్లదనం ఇచ్చే స్ప్రేని దూది ఉండ మీద కొట్టి, తుడిచి ఆరబెట్టిన పంటికి ఆనిస్తారు. తగలగానే చెయ్యెత్తమంటారు, తీశాక ఎన్ని క్షణాలకి తగ్గిందో అడుగుతారు. ఆ తర్వాత అద్దం పిడితో పంటి మీద చిన్నగా తడతారు, చిగురుని వేలితో నొక్కుతారు, చిగురు చుట్టూ ప్రోబ్‌ అనే సన్నటి కొలత పుల్లతో లోతు కొలుస్తారు. ఒకే చోట సన్నగా, లోతుగా దిగిందంటే వేరు నిలువునా చీలిందేమోనని అనుమానించాలి. అలా చీలిన పంటికి రూట్ కెనాల్ దండగ. చీముపొక్కు ఉంటే దాని కన్నంలోకి సన్నటి గట్టాపెర్చా (కాలువలు నింపే రబ్బరు లాంటి పదార్థం) పుల్లని దూర్చి ఎక్స్‌రే తీస్తారు. ఆ పుల్ల ఏ వేరు దగ్గర ఆగిందో అదే దోషి. పక్క పన్నుకి పొరపాటున చేసెయ్యకుండా కాపాడే అతి చవక పరీక్ష ఇదే.

ఎక్స్‌రే ఒక్కటే చూసి ‘నరం చచ్చిందండీ, రూట్ కెనాల్ చేసేద్దాం’ అన్నారంటే ఆ చోటికి మార్కు తగ్గించెయ్యండి. చచ్చిన నరం ఎక్స్‌రేలో కనపడదు. ఎముక చెప్పుకోదగ్గంత కరిగితే గానీ వేరు కొసన నల్లటి మచ్చ తేలదు. స్ప్రే పరీక్షకీ హద్దులున్నాయి. దవడ పంట్లో (వెనక నమిలే పెద్ద పన్ను) ఒక వేరులో నరం చచ్చి ఇంకో వేరులో బతికుంటే చల్లదనం తెలుస్తూనే ఉంటుంది. బంతి తగిలో, బండి మీంచి పడో ముందు పన్నుకి దెబ్బ తగిలితే బతికున్న నరం కూడా కొన్ని వారాలు, ఒక్కోసారి మూడు నెలల దాకా పలకదు. అలాంటప్పుడు చల్లదనం తెలీలేదన్న ఒక్క కారణంతో తొలి వారంలోనే తెరవనివ్వకండి.

మూడు రకాల తలుపులు

మొదటిది వీధి చివర ఒకే డాక్టరున్న క్లినిక్. బీడీఎస్ (దంతవైద్యంలో డిగ్రీ) చదివిన డాక్టరు రూట్ కెనాల్ చెయ్యొచ్చు, అందులో తప్పేమీ లేదు. తిన్నటి ఒకే వేరున్న పై ముందు పన్నుకి ఇంతకంటే దూరం వెళ్లనక్కర్లేదు. దవడ పళ్ల సంగతి వేరు. చాలా చోట్ల వాటికి బయటి నుంచి స్పెషలిస్టు వారంలో ఫలానా రోజని వస్తారు. ఇది మంచి పద్ధతే, అయితే చిక్కు ఎక్కడంటే, మధ్యలో నొప్పొస్తే ఆయన ఊళ్లో ఇంకెక్కడో ఉంటారు. ‘చేసేది ఎవరు, మధ్యలో తేడా వస్తే చూసేది ఎవరు’ అని ముందే అడిగేయండి.

రెండోది ఎండోడాంటిస్టు, అంటే రూట్ కెనాల్ స్పెషలిస్టు, సొంతంగా నడిపే చోటు. బోర్డు మీద ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) అని ఉంటే చాలదు. చిగుళ్లకీ, ఎత్తు పళ్లకీ కూడా ఎండీఎస్‌లు ఉంటారు. ‘కన్సర్వేటివ్ డెంటిస్ట్రీ, ఎండోడాంటిక్స్’ అని ఉండాలి. మైక్రోస్కోపు ఉంటే మరీ మంచిది. పై దవడ పన్ను, వంకర వేర్లు, ఇదివరకు ఎక్కడో చేసి పాడైన పన్ను అయితే తిన్నగా ఇక్కడికే రండి. డబ్బు ఎక్కువే అవుతుంది, మళ్లీ చేయించుకునే ఖర్చు కంటే తక్కువే.

మూడోది డెంటల్ కాలేజీ. మనకి రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ, తగరపువలస దగ్గర సంగివలసలో అనిల్ నీరుకొండ కాలేజీ ఉన్నాయి. కాలేజీల్లో ఫీజు తక్కువ, టైము ఎక్కువ. ఎండోడాంటిక్స్ విభాగంలో పీజీ డాక్టరు చేస్తే ప్రతి మెట్టూ పైవాళ్లు చూసి సరే అనాలి. కొలత ఎక్స్‌రే చూపించాలి, పుల్ల పెట్టిన ఎక్స్‌రే చూపించాలి. ‘స్టూడెంట్లు ప్రయోగాలు చేస్తారు’ అని వెనకడుగు వేసేవాళ్లున్నారు గానీ, ఇరవై నిమిషాల్లో దవడ పన్ను ముగించే చేతుల కన్నా రెండు గంటలు తీసుకుని అడుగడుగునా తనిఖీ చేయించుకునే చేతులు మా లెక్కలో నయం. ఇబ్బందల్లా తిరుగుడు. పొద్దున్నే ఓపీ చీటీ తీసుకోవాలి, రెండు మూడు సార్లయినా రావాలి, పరీక్షల రోజుల్లోనూ సెలవుల్లోనూ తేదీ జరిగిపోతుంది. గాజువాక, కూర్మన్నపాలెం వైపు వాళ్లకి సంగివలస అంటే ఒక పూట పోయినట్టే. డ్యూటీకి సెలవు పెట్టలేనివాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

కుర్చీలో ఏం జరగాలి

కింది దవడ పన్ను పోటు మీదుంటే చాలాసార్లు ఒక్క ఇంజెక్షన్‌కి లొంగదు. పెదవి మొద్దుబారినా పన్ను మొద్దుబారదు. వాచిన నరం మందుకి ఎదురు తిరుగుతుంది. ఇది డాక్టరు చేతకానితనమేమీ కాదు. పని తెలిసినవాళ్లు డ్రిల్లు పెట్టే ముందు మళ్లీ చల్లటి స్ప్రేతో పరీక్షించి, ఇంకా తెలుస్తుంటే బుగ్గ వైపు ఆర్టికెయిన్ అనే మత్తుమందు గానీ, పంటికీ చిగురుకీ సందులో ఇంకో ఇంజెక్షన్ గానీ ఇస్తారు. ‘కాస్త ఓర్చుకోండమ్మా’ అంటూ మొదలుపెట్టేస్తే, చెయ్యెత్తి ఆపే హక్కు మీకుంది.

తర్వాత చూడాల్సింది రబ్బర్ డ్యామ్. పంటికి క్లిప్పు తగిలించి, దాని చుట్టూ పల్చటి రబ్బరు షీటు బిగిస్తారు. ఒక్క పన్ను బయటికుండి మిగతా నోరు కప్పి ఉంటుంది. ఉమ్ములో సూక్ష్మజీవులుంటాయి. కడిగిన కాలువలోకి ఆ ఉమ్మే దిగితే చేసిందంతా వృథా. పైగా చేతి ఫైలు జారితే గొంతులోకి పోకుండా, లోపల పోసే హైపోక్లోరైట్ మందునీళ్లు నాలిక మీద పడకుండా అడ్డుకునేదీ ఇదే. ఈ సమీక్షలో ఒకే ఒక్క ప్రశ్నతో చోటుని తేల్చమంటే మేం అడిగేది ఇదే: ‘రబ్బర్ డ్యామ్ వేస్తారా?’ దూది ఉండలు చాలండీ అన్న చోటికి దవడ పన్ను తీసుకెళ్లొద్దు.

పన్ను తెరిచాక కాలువల్ని వెతకాలి. కింది దవడ మొదటి పన్నుకి సాధారణంగా మూడు, కొందరికి నాలుగు. పై దవడ మొదటి పన్నుకి చూడగానే కనిపించేవి మూడే. ముందరి బుగ్గ వైపు వేరులో రెండో కాలువ సగానికి పైగా మనుషుల్లో ఉంటుంది, కానీ దాని నోటి మీద దంతపు పదార్థం చూరులా పెరిగి కప్పేస్తుంది. సన్నటి అల్ట్రాసోనిక్ మొనతో ఆ చూరుని కొంచెం కొంచెంగా గీకి, మైక్రోస్కోపులోనో లూప్స్‌తోనో (కళ్లద్దాలకి బిగించే భూతద్దాలు) చూస్తే గానీ దొరకదు. పై దవడ పన్నుకి ‘మూడు కాలువలు చేశాం’ అన్నారంటే, నాలుగోది వెతికి లేదని తేల్చారా, వెతకలేదా అని అడగడం మర్యాద తప్పినట్టేమీ కాదు. కింది ముందు పళ్లలో కూడా కొన్నిటికి రెండో కాలువ నాలిక వైపు దాగి ఉంటుంది. అది తెలీక వదిలేసి, ‘రూట్ కెనాల్ అయినా చీము తగ్గట్లేదు’ అనుకునే కేసులు తక్కువేమీ కావు.

కాలువ దొరికాక 10, 15 నంబరు చేతి ఫైళ్లతో దారి వేస్తారు. ఎపెక్స్ లొకేటర్ అనే మీటరుతో పొడవు కొలిచి, ఎక్స్‌రేతో సరిచూస్తారు. ఎక్స్‌రేలో కనిపించే వేరు కొసకి అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఇవతల ఆగాలి. తర్వాత మోటారు ఫైళ్లు. ఇవి నికెల్ టైటానియం తీగలు, వంకర కాలువలో కూడా వంగి తిరుగుతాయి. మాటిమాటికీ వాడితే అలిసిపోయి లోపలే విరుగుతాయి. ఎన్నిసార్లు వాడారో లెక్క పెట్టుకోకపోవడం, దారి వెయ్యకుండా నేరుగా మోటారు దూర్చడం, బలంగా నొక్కడం విరగడానికి మామూలు కారణాలు. ముక్క విరిగిందంటే పన్ను పోయినట్టు కాదు. అప్పటికే కాలువ శుభ్రమై ఉంటే ముక్క అక్కడే ఉన్నా చాలా పళ్లు నిలుస్తాయి. విరిగిన సంగతి మీకు చెప్పి, చీటీలో రాసివ్వకపోవడమే అసలు తప్పు.

ఫైలు కాలువకి ఆకారం ఇస్తుంది, శుభ్రం చేసేది మందునీళ్లు. సోడియం హైపోక్లోరైట్ 3 నుంచి 5.25 శాతం, పక్కన రంధ్రమున్న 30 గేజ్ సూదితో, కొలిచిన పొడవుకి రెండు మిల్లీమీటర్లు ఇవతలి దాకా దించి మెల్లగా పోయాలి. సూది మందం 0.3 మిల్లీమీటరు. కాలువని అంతంత వెడల్పు చేసేది అది లోపలికి దిగడానికే. సూది ఇరుక్కున్నా, గట్టిగా నొక్కినా మందు వేరు దాటి బయటికి పోతుంది: భరించలేని మంట, నిమిషాల్లో బుగ్గ వాపు, కమిలిన నలుపు. అరుదైనా చూడాల్సిన ప్రమాదమే. చివర్లో 17 శాతం ఈడీటీఏ అనే ఇంకో మందునీరు ఒక నిమిషం ఉంచితే గోడలకి పూసుకున్న పిండి కరుగుతుంది. తర్వాత మళ్లీ హైపోక్లోరైట్. హైపోక్లోరైట్‌నీ క్లోర్‌హెక్సిడిన్ అనే మరో మందునీటినీ కలిపితే గోధుమరంగు మడ్డి కట్టి కాలువలు మూసుకుంటాయి కనక మధ్యలో సెలైన్‌తో కడగాలి. కుర్చీలో పడుకున్నవాళ్లకి ఇదంతా కనపడదు గానీ, ఈతకొలను వాసన మాత్రం ముక్కుకి తెలుస్తుంది. ఆ వాసనే రాకపోతే ఏంతో కడుగుతున్నారని అడగండి.

దవడ పన్నుకి ఇవన్నీ చెయ్యాలంటే గంట, గంటన్నర పడుతుంది. బతికున్న నరం తీసినప్పుడు కాలువ పొడిగా ఉంటే ఒకే సిట్టింగ్‌లో మూసేయడంలో తప్పు లేదు. చచ్చి చీము ఊరుతూ ఉంటే, కాలువ ఆరనప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ పేస్టు పెట్టి వారం, రెండు వారాలు ఆగాలి. ఊరుతున్న కాలువని ఆ పూటే మూసేస్తామంటే, అది మీ సౌకర్యానికి కాదు, వాళ్ల టైము కోసమే.

చివరి ఎక్స్‌రే చదవడం

దీన్ని ఫోనుకి పంపమని అడగండి. మంచి చోట అడక్కుండానే పంపుతారు. కాలువల్లో తెల్లటి గీతలు గట్టాపెర్చా. అవి వేరు కొసకి రెండు మిల్లీమీటర్ల లోపు ఆగాలి, కొస దాటి బయటికి పొడుచుకు రాకూడదు, మధ్యలో నల్లటి ఖాళీలు ఉండకూడదు, వేరు ఆకారంలోనే పంటి తల వైపు వెడల్పై కొస వైపు సన్నబడాలి. గీత వేరు మధ్యలో కాక ఒక పక్కకి ఒరిగిందంటే, ఆ వేరులో ఇంకో కాలువ మిగిలిందేమోనని అనుమానం. కొస దగ్గర గట్టాపెర్చాతో పాటు పెట్టే సిమెంటు చుక్క కొంచెం బయటికొస్తే కంగారు పడనక్కర్లేదు.

తర్వాత మూడు రోజులు

కొరికితే నొప్పి రెండు మూడు రోజులు మామూలే. ఐబుప్రోఫెన్ 400, పారాసెటమాల్ 500 కలిపి తిన్నాక వేసుకుంటే చాలామందికి సరిపోతుంది. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు ఐబుప్రోఫెన్ జోలికి పోకుండా ముందే చెప్పాలి. యాంటీబయాటిక్ ప్రతి రూట్ కెనాల్‌కీ రాసే అలవాటు మన ఊళ్లోనూ ఉంది, దానికి మార్కు తగ్గిస్తాం. చచ్చిన పంట్లోకి రక్తం పోదు, రక్తం పోని చోటికి మాత్ర కూడా పోదు. జ్వరం, పాకే వాపు ఉంటే తప్ప దాని అవసరం లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019 మార్గదర్శకాలు కూడా అంటాయి. దవడ కింద గట్టిగా వాచి మింగలేకపోయినా, నోరు తెరుచుకోకపోయినా, కన్ను మూసుకుపోయేంత వాచినా క్లినిక్ తెరిచే దాకా ఆగొద్దు. కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లాల్సిందే, రాత్రయినా సరే.

క్యాప్ మీద బేరం

రూట్ కెనాల్ చాలా బాగా చేసి కూడా పన్ను పోగొట్టేది ఈ దశ. క్యాప్ వేసేదాకా పంటిని మూసి ఉంచే తాత్కాలిక సిమెంటు మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటేనే ఉమ్ముని ఆపుతుంది, అదీ రెండు మూడు వారాలే. నొప్పి పోయిందని నెలలు తిప్పితే లోపలికి ఉమ్ము ఊరుతుంది. లేదా బీచ్ రోడ్డులో కాల్చిన మొక్కజొన్న పొత్తు కొరుకుతుండగా పన్ను నిలువునా చీలుతుంది. అలా చీలినదాన్ని పీకడమే. దవడ పళ్లకీ, వాటి ముందున్న చిన్న దవడ పళ్లకీ క్యాప్ తప్పదు. ముందు పన్ను పెద్దగా పుచ్చకపోతే ఫిల్లింగే చాలు. నల్లబడితే లోపలి నుంచి తెల్లబరిచే పద్ధతి ఉంది. క్యాప్ పేరుతో మంచి ముందు పన్నుని చెక్కించుకోవద్దు.

ఇంకో ముఖ్యమైన మాట, ఇది రూట్ కెనాల్ మొదలవకముందే అడగాలి: చిగురు పైన చుట్టూ ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లయినా గట్టి పన్ను మిగులుతుందా? మిగలకపోతే క్యాప్‌కి పట్టు ఉండదు, కొన్నాళ్లకి ఊడిపోవచ్చు. ‘ముందు రూట్ కెనాల్ చేద్దాం, తర్వాత చూద్దాం’ అనే చోట మీ డబ్బు రెండుసార్లు పోతుంది. పీకించుకోవడమే మేలని నిజాయితీగా చెప్పిన డాక్టరుకి మేం ఎక్కువ మార్కులే వేస్తాం.

ధర అడిగేటప్పుడు విడివిడిగా రాయించుకోండి: రూట్ కెనాల్ ఎంత, లోపలి కోర్ ఫిల్లింగ్ ఎంత, క్యాప్ ఎంత, ఎక్స్‌రేలు అందులోనేనా. బోర్డు మీద చవగ్గా కనిపించే అంకె తరచూ మొదటిది మాత్రమే. క్యాప్ ఖర్చు చాలాసార్లు దాన్ని మించుతుంది. లోహం మీద పింగాణీ క్యాప్ దవడ పన్నుకి బాగానే పని చేస్తుంది. జిర్కోనియా అయితే పన్నుని కాస్త తక్కువ చెక్కినా సరిపోతుంది, ధర ఎక్కువ. స్టీల్‌ప్లాంట్, పోర్టు, నేవీ వాళ్లు రీయింబర్స్‌మెంట్ పెట్టుకోవాలనుకుంటే ముందు తమ ఆఫీసు నిబంధన కనుక్కుని, బిల్లు మీద పన్ను నంబరు వేయించుకోవాలి. కింద ఎడమ మొదటి దవడ పన్ను 36, పైన కుడి మొదటిది 16.

ఆరు నెలలకి, ఏడాదికి మళ్లీ ఎక్స్‌రే తీయించండి. వేరు కొసన ఉన్న నల్ల మచ్చ చిన్నదవుతూ ఉంటే మానుతున్నట్టే. పూర్తిగా పోవడానికి ఒక్కోసారి నాలుగేళ్లు పడుతుంది. పెరుగుతుంటే మాత్రం మాత్రలతో నెట్టుకురాకుండా, పాత ఎక్స్‌రేలన్నీ పట్టుకుని ఎండోడాంటిస్టు దగ్గరికే వెళ్లాలి. వదిలేసిన కాలువ దొరికితే పాతది తీసి మళ్లీ చేస్తారు, దొరక్కపోతే చిగురు తెరిచి వేరు కొసని కోసి మూస్తారు.